బుద్ధికి కొలత ఉన్నది, భక్తికి ఉన్నదా?

మేధో వైకల్యం గలవారికి ఆరాధనలో చోటెక్కడ? కథోలిక తిరుసభ చరిత్ర, చట్టం, ఆచారం చెప్పే సమాధానం

ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్ అనేక భాషల కూడలి. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు వెలువడిన నాటి నుండి సాక్చి అనే చిన్న పల్లె చుట్టూ దేశం నలుమూలల వారు వచ్చి స్థిరపడ్డారు. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కొలిమి పనికి, రైలు పనికి, గుమాస్తా పనికి వెళ్లిన తెలుగువారూ వారిలో ఉన్నారు. కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్, బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి నేటికీ గుర్తులు. అక్కడి కథోలిక సమాజం కూడ ఇట్టి కలయికే. సంథాలులు, హోలు, ముండాలు, ఉరావులు ఒకవైపు. కేరళ, తమిళనాడు, గోవా, బెంగాల్, ఆంధ్ర ప్రాంతాల నుండి వచ్చిన కుటుంబాలు మరొకవైపు. వీరందరికీ 1962లో జంషెడ్‌పూర్ ప్రత్యేక మేత్రాసనమైంది. దాని తొలి పీఠాధిపతి లారెన్స్ పికాచీ యేసు సభ గురువు. తరువాత ఆయన కలకత్తా అగ్రపీఠాధిపతియై, 1976లో కార్డినల్ అయ్యారు.

ఇటువంటి నగరంలో దివ్యపూజాబలి హిందీలోనో ఇంగ్లీషులోనో జరుగుతుంటే, వినేవారిలో ఎందరికో ఇంటి భాష వేరు. అడవి పల్లె నుండి కొడుకు ఇంటికి వచ్చిన సంథాలీ వృద్ధురాలికి ప్రసంగంలో సగం మాటలు తెలియకపోవచ్చు. ఆమె అందరితో పాటు లేస్తుంది, అందరితో పాటు మోకరిల్లుతుంది, చేతులు జోడించి దివ్యసత్ప్రసాదం అందుకుంటుంది. “అమ్మా, నీకేమి అర్థమైంది?” అని ఆమెను ఎవ్వరూ నిలదీయరు. కాని అదే వరుసలో ఆమె వెనుక ఒక యువకుడు నిలిచి ఉంటాడనుకోండి. అతని వయస్సు ఇరవై. మాటలు నాలుగైదు మాత్రమే వచ్చును. అతనిని చూడగానే మాత్రం ఆ ప్రశ్న పుట్టుకొస్తుంది: “వీనికి అర్థమవుతుందా?”

ఆ ప్రశ్న ఎంతో కాలం ఎన్నో కుటుంబాలను ఆలయ ద్వారం దగ్గరే నిలిపివేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో వైకల్యం గలవారు 2 కోట్ల 68 లక్షలు. వారిలో మేధో వైకల్యం గలవారు సుమారు 15 లక్షలు. బిడ్డ పూజ మధ్యలో కేక వేస్తే పదిమంది తల తిప్పి చూస్తారు. ఒకసారి చూస్తే తల్లి ఓర్చుకుంటుంది. పదిసార్లు చూస్తే బిడ్డను ఇంట ఉంచి తాను వస్తుంది. ఆ తరువాత ఆమె కూడ రావడం మానుకుంటుంది. ఎవ్వరూ వెళ్లిపొమ్మనలేదు, అయినా ఒక కుటుంబం వెళ్లిపోయింది. ఈ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

కొలత ఎప్పుడు వచ్చింది?

దివ్యసత్ప్రసాదం అందుకొనడానికి తెలివితేటలు ఒక అర్హత అన్న భావన తిరుసభతో పాటు పుట్టినది కాదు. తొలి శతాబ్దాలలో చంటిబిడ్డలకు సైతం జ్ఞానస్నానంతో పాటు దివ్యసత్ప్రసాదం ఇచ్చేవారు. తూర్పు సంఘాలలో అనేకం నేటికీ అదే ఆచారాన్ని పాటిస్తున్నవి. పాశ్చాత్య సంఘంలో ఆ ఆచారం మధ్యయుగాలలో క్రమంగా సన్నగిల్లింది. 1215లో జరిగిన నాల్గవ లాతరన్ మహాసభ, మంచి చెడ్డలు తెలిసే ఈడుకు వచ్చినవారు ఏడాదికి ఒకసారైనా దివ్యసత్ప్రసాదం స్వీకరించాలని శాసించింది. “తెలిసే ఈడు” అన్న మాట క్రమంగా పెరుగుతూ పోయి, కొన్ని దేశాలలో పన్నెండు, పద్నాలుగేళ్లు నిండితే గాని పిల్లలను పీఠం దగ్గరకు రానీయని స్థితి ఏర్పడింది.

అయినా ఆ కాలంలోనే వేరొక గొంతు కూడ వినిపించింది. పదమూడవ శతాబ్దపు మహాపండితుడు తోమాస్ అక్వినాస్ ఈ ప్రశ్నను సూటిగానే చర్చించాడు. బుద్ధి బొత్తిగా లేకపోవడం వేరు, బుద్ధి బలహీనంగా ఉండడం వేరు అని ఆయన విడదీశాడు. బుద్ధి బలహీనమైనవారికి కూడ ఈ సంస్కారం పట్ల ఏదో ఒక మేరకు భక్తి కలుగగలదు గనుక, వారికి దానిని నిరాకరింపరాదని తేల్చాడు. తిరుసభ మేధావులలో అగ్రగణ్యుడైన వ్యక్తి మేధస్సును తలుపు గడియగా వాడవద్దని చెప్పడం గమనింపదగిన సంగతి.

1910లో పదవ పయస్ పోపు విడుదల చేసిన శాసనం ఈడును మళ్లీ ఏడేళ్ల ప్రాంతానికి దించింది. సంపూర్ణ జ్ఞానం అక్కరలేదనీ, మామూలు రొట్టెకూ దివ్యసత్ప్రసాదానికీ తేడా తెలిస్తే చాలుననీ ఆ శాసనం చెప్పింది. ఆనాడు దాని దృష్టి చిన్నపిల్లల మీదనే. కాని ఆ తలుపు తెరచుకున్న తరువాత వేరొక తరగతి వారు కూడ దాని ముందు నిలబడడం సహజమే.

ఇంకొక సంగతి. 1960ల వరకు పూజాబలి లాటిన్ భాషలో జరిగేది. గుంటూరు పల్లెలోనైనా, సింగ్‌భూం పల్లెలోనైనా, ఫ్రాన్సు పల్లెలోనైనా సామాన్య విశ్వాసికి ఆ మాటలు తెలియవు. గంట మ్రోగితే తల వంచాలని, గురువు అప్పాన్ని పైకెత్తితే చూచి నమస్కరించాలని మాత్రం తెలుసు. తరతరాల భక్తులు అట్లే పుణ్యజీవితం గడిపారు. 1962 నుండి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ ప్రజల భాషను పూజలోనికి తెచ్చి గొప్ప మేలు చేసింది. అయితే మాటలు తెలిసిన తరువాత, మాటలే సర్వస్వమన్న భ్రమ కూడ వెంట వచ్చింది. మాటలు రానివాడు అంతకు ముందు కంటె ఎక్కువ వెలితిగా కనిపించసాగాడు.

లూర్దు చెప్పిన పాఠం

విజయవాడ దగ్గర గుణదల కొండ మీద ప్రతి ఫిబ్రవరిలో లక్షల జనం చేరే ఉత్సవానికి మూలం ఫ్రాన్సులోని లూర్దు. 1858లో అక్కడ మరియమాత దర్శనం పొందిన బెర్నదెత్ సుబీరూ పద్నాలుగేళ్ల పేద పిల్ల. ఆమెకు చదువు రాదు. జ్ఞానోపదేశం ఫ్రెంచి భాషలో ఉండేది. ఆమెకు తెలిసినదంతా తన ప్రాంతపు పలుకు మాత్రమే. పాఠం ఎంతకూ నోటికి రాకపోవడం వలన ఆమెకు మొదటి దివ్యసత్ప్రసాదం అప్పటికి దక్కలేదు. దర్శనాలు ప్రారంభమైన తరువాత, ఆ ఏడు జూన్ 3న గాని ఆ భాగ్యం కలుగలేదు. బెర్నదెత్‌కు మేధో వైకల్యం ఉన్నదని ఎవరూ అనలేరు. కాని పాఠం అప్పగించలేని పిల్ల పీఠానికి దూరంగా ఉండవలసిన రోజులలోనే, దర్శనమిచ్చిన అమ్మ ఆ పిల్ల పలుకులోనే మాట్లాడింది. 1933లో తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

విచిత్రమేమంటే, అదే లూర్దుకు 1968లో తమ ఇద్దరు కుమారులను తీసికొని వెళ్లదలచిన ఒక ఫ్రెంచి దంపతులకు చేదు అనుభవం ఎదురైంది. పిల్లలిద్దరికీ తీవ్రమైన మేధో వైకల్యం. పిల్లలకు ఏమీ తెలియదనీ, తోటి యాత్రికులకు ఇబ్బంది కలుగుతుందనీ చెప్పి యాత్రా బృందం వారు చేర్చుకొనలేదు. దంపతులు తమంత తాముగా బయలుదేరారు. లూర్దులో బస దొరికింది గాని, భోజనం గదిలోనే చేయాలన్న షరతు మీద దొరికింది. ఆరోగ్యం కోరి లోకమంతా వచ్చే పుణ్యక్షేత్రంలో ఆ నలుగురు ఒంటరివారైనారు.

ఆ బాధ వృథా పోలేదు. ఆ తల్లిదండ్రుల మాట విన్న మరీ ఎలెన్ మాత్యూ, జాన్ వనియే అనే ఇద్దరు, మేధో వైకల్యం గలవారే ముఖ్య అతిథులుగా ఒక యాత్రను తలపెట్టారు. మూడేళ్ల సన్నాహం తరువాత 1971 ఏప్రిల్‌లో, ఈస్టరు పండుగకు, 15 దేశాల నుండి 12,000 మంది లూర్దు చేరారు. వారిలో 4,000 మంది వైకల్యం గలవారు. వారి రాక వలన అల్లరి జరుగునని భయపడినవారు వీధులలో పాటలు, ఆటలు చూశారు. యాత్ర ముగిసినా వచ్చినవారు విడిపోవడానికి ఇష్టపడలేదు. దాని నుండి పుట్టినదే ‘ఫెయిత్ అండ్ లైట్’ ఉద్యమం. వైకల్యం గలవారు, వారి తల్లిదండ్రులు, స్నేహితులు ముప్పైమంది వరకు ఒక బృందమై నెలకొకసారి కలుసుకొని, కష్టసుఖాలు చెప్పుకొని, ప్రార్థించి, పండుగ చేసుకొనడం దాని పద్ధతి. నేడు అది అనేక దేశాలకు విస్తరించింది.

వనియే 1964లో ఫ్రాన్సులో స్థాపించిన ‘లార్ష్’ గృహాలలో వైకల్యం గలవారు, లేనివారు ఒకే ఇంట కలిసి జీవిస్తారు. 1970లో బెంగుళూరులో ‘ఆశా నికేతన్’ పేరిట అట్టి గృహం భారతదేశంలో మొదలైంది. అక్కడ హిందువులు, క్రైస్తవులు, మహమ్మదీయులు ఒకే కప్పు క్రింద ఎవరి ప్రార్థనను వారు కాపాడుకుంటూ జీవించడం దాని ప్రత్యేకత.

ఈ కథలో దాచరాని చీకటి పుట ఒకటున్నది. 2019లో వనియే మరణించిన తరువాత, లార్ష్ సంస్థ స్వయంగా విచారణ జరిపించింది. ఆయన ఆధ్యాత్మిక మార్గదర్శకత్వం పేరిట స్త్రీలను లైంగికంగా వంచించినట్లు 2020లో వెల్లడైంది. 2023లో వెలువడిన నివేదిక అట్టి స్త్రీలు కనీసం 25 మంది అని పేర్కొన్నది. వైకల్యం గలవారు బాధితులలో ఉన్నట్లు ఆధారాలు దొరకలేదు. అయినా ఈ సంగతి ప్రతి విచారణకూ హెచ్చరిక. బలహీనులను చేరదీసే చోట కాపలా మరింత గట్టిగా ఉండాలి. ఎంత పేరున్న వ్యక్తి అయినా ఒంటరిగా, అడిగేవారు లేకుండా ఈ సేవ చేయరాదు. వ్యక్తి పడిపోయినా, వైకల్యం గలవారికి పీఠం దగ్గర ఉన్న హక్కు పడిపోదు. అది ఆ వ్యక్తి ఇచ్చినది కాదు.

చట్టం ఏమంటున్నది?

1983లో వెలువడిన తిరుసభ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. జ్ఞానస్నానం పొంది, చట్టం వలన నిషేధింపబడని ప్రతి వ్యక్తినీ దివ్యసత్ప్రసాదానికి అనుమతించాలని ఒక నిబంధన చెబుతుంది. తగిన రీతిలో కోరినవారికి గురువులు సంస్కారాలను నిరాకరింపరాదని మరొకటి. శరీరంలోనో మనస్సులోనో వైకల్యం గలవారికి కూడ వారి స్థితి అనుమతించినంత మేరకు జ్ఞానోపదేశం అందేటట్లు చూడడం విచారణ గురువు బాధ్యత అని ఇంకొకటి. పిల్లలకు తగిన తెలివిడి, సిద్ధపాటు ఉండాలన్న నిబంధన కూడ ఉన్నది. చిక్కంతా ఆ “తగిన” అన్న మాటకు అర్థం చెప్పడంలోనే వచ్చింది.

ఆ చిక్కును విప్పడానికి 1995లో అమెరికా పీఠాధిపతులు మార్గసూత్రాలు ప్రకటించారు. క్రీస్తు శరీరాన్ని మామూలు ఆహారం నుండి వేరుగా గుర్తించగలిగితే చాలు. ఆ గుర్తింపు మాటలలోనే తెలియాలని లేదు. నడవడిలో, సైగలో, భక్తితో కూడిన మౌనంలో తెలిసినా చాలునని వారు వివరించారు. సందేహం కలిగినప్పుడు జ్ఞానస్నానం పొందిన వ్యక్తి పక్షానే తీర్పు ఉండాలన్నారు. 2007లో పదహారవ బెనెడిక్ట్ పోపు మరొక అడుగు ముందుకు వేశారు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం పొందిన మేధో వైకల్యం గలవారికి సాధ్యమైనంత వరకు దివ్యసత్ప్రసాదం అందించాలనీ, వారు తమతో వచ్చే కుటుంబం, సమాజం యొక్క విశ్వాసంలో కూడ దానిని స్వీకరిస్తారనీ చెప్పారు. చంటిబిడ్డ తల్లిదండ్రుల విశ్వాసంలో జ్ఞానస్నానం పొందడం వంటిదే ఇది. 2020లో వెలువడిన జ్ఞానోపదేశ నిర్దేశిక, వైకల్యం గలవారికి సంస్కారాలను ఎవరూ నిరాకరింపజాలరని చెప్పి ఊరుకొనలేదు. వారే ఉపదేశులు కావాలని కూడ ఆశించింది. 2016 జూన్‌లో రోమునగరంలో ఫ్రాన్సిస్ పోపు జరిపిన పూజలో సువార్త ఘట్టాన్ని మేధో వైకల్యం గలవారు అభినయించి చూపడం ఆ ఆశకు ముందుగుర్తు.

చేతులతో, కన్నులతో ప్రార్థన

చట్టం అనుమతి ఇస్తుంది. అలవాటు మాత్రం విచారణలోనే పుట్టాలి. ఈ విషయంలో భారతీయ ఆరాధనకు ఒక సహజమైన మేలు ఉన్నది. 1969 ఏప్రిల్‌లో రోము ఆమోదించిన పన్నెండు అంశాల వలన మన పూజలోనికి చేతులు జోడించి నమస్కరించడం, పంచాంగ ప్రణామం, పువ్వులు, దీపం, ధూపం, హారతి, నేల మీద కూర్చొనడం వచ్చినవి. వీటిలో ఏ ఒక్కదానికీ పుస్తక జ్ఞానం అక్కరలేదు. హారతి వెలుగు కంటికి తెలుస్తుంది, ధూపం ముక్కుకు తెలుస్తుంది, పువ్వు చేతికి తెలుస్తుంది. ఛోటానాగపూర్ ఆలయాలలో ఆదివాసీలు మాందర్ వాయిస్తూ, చేయి చేయి పట్టుకొని అడుగులు వేస్తూ కానుకలు తెచ్చే ఆచారం ఇంకొక వరం. ఆ వరుసలో ఒకరి చేయి పట్టుకొన్నవానికి అడుగు తప్పినా ప్రక్కవాడు లాగికొని పోతాడు.

పూజాబలికి గల క్రమం కూడ మేలే. ప్రతి ఆదివారం అదే వరుస, అదే గంట, అదే సమాధానాలు. చురుకైన బుద్ధికి విసుగు పుట్టించే ఈ పునరుక్తి, నిదానమైన బుద్ధికి మెట్లవంటిది. ఆటిజం వంటి స్థితి గలవారికి తరువాత ఏమి జరుగునో ముందుగా తెలియడం ఎంతో ధైర్యాన్నిస్తుంది. జంషెడ్‌పూర్‌లో స్కూల్ ఆఫ్ హోప్ వంటి ప్రత్యేక పాఠశాలలు, సికిందరాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ అనుసరించే బోధన పద్ధతుల సారం ఇదే: పనిని చిన్న మెట్లుగా విడగొట్టు, బొమ్మతో చూపు, చేయి పట్టి చేయించు, మళ్లీ మళ్లీ చేయించు, మెచ్చుకో. జ్ఞానోపదేశానికి కూడ ఇంతకంటె మంచి మార్గం లేదు.

ఆచరణలో చేయదగినవి కష్టమైనవేమీ కావు. పూజలో వచ్చే ఘట్టాలను వరుసగా బొమ్మలతో చిన్న పుస్తకంగా కుట్టి బిడ్డకు ఇవ్వవచ్చు. ఆలయంలో ఎవరూ లేని వేళ తీసికొని వచ్చి, పీఠాన్ని, గంటను, దీపాన్ని చూపి, వాటి పేర్లు చెప్పవచ్చు. అప్పం రుచి, తాకిడి కొత్తగా తోచి ఉమ్మివేసే బిడ్డకు, ఆశీర్వదింపని అప్పంతో ఇంట కొన్ని వారాలు అలవాటు చేయించవచ్చు. మింగడం కష్టమైనవారికి అతి చిన్న తునకతో గాని, ద్రాక్షరస రూపంలో ఒక బొట్టుతో గాని దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి తిరుసభ క్రమంలోనే వీలున్నది. మైకు హోరు భరించలేనివారికి ద్వారం దగ్గర చోటు, కాసేపు బయట తిరిగి రావడానికి ఒక తోడు ఉంటే చాలు. ఆ తోడు తల్లే కానక్కరలేదు. విచారణలోని ఒక యువకుడు ప్రతి ఆదివారం ఆ బాధ్యత తీసికొంటే, ఆ తల్లి ఎన్నో ఏళ్ల తరువాత కన్నులు మూసుకొని ప్రార్థించుకోగలదు.

చోటు ఇవ్వడంతో పని పూర్తికాదు, పని ఇవ్వాలి. పాటల పుస్తకాలు పంచడం, కానుకల పళ్లెం మోయడం, గంట మ్రోగించడం, సమాధాన సూచకంగా ముందు వరుసలవారికి నమస్కారం చేయడం: వీటిలో ఏదో ఒకటి ప్రతివారికీ సాధ్యం. ముప్పై ఏళ్ల మనిషిని అయిదేళ్ల పిల్లవానివలె చూడడం మాత్రం తగదు. అతని పఠనశక్తి అయిదేళ్లదైనా, అతని దుఃఖం, సిగ్గు, స్నేహం ముప్పై ఏళ్లవే. తండ్రి చనిపోయినప్పుడు అతనిని సమాధి దగ్గరకు తీసికొని పోక దాచిపెట్టే కుటుంబాలున్నవి. మాటలు చాలని ఆ దుఃఖానికి ఆలయంలో వెలిగించే ఒక దీపమే భాష కావచ్చు.

పవిత్రతకు లోపమా?

ఇంత చెప్పినా కొందరి సంకోచం తీరకపోవచ్చు. దివ్యసత్ప్రసాదానికి అవమానం జరుగునేమో అన్న భయం భక్తి నుండి పుట్టినదే. దానిని తేలిక చేయరాదు. దానికి జవాబు నిరాకరణ కాదు, ఓపికతో కూడిన సిద్ధపాటు. సిద్ధపాటు చాలనినాడు గురువు ఆశీర్వాదం ఇచ్చి, మరికొంత కాలం వేచియుండవచ్చు. వేచియుండడం వేరు, తలుపు వేయడం వేరు. నిశ్శబ్దం చెడుతుందన్న ఫిర్యాదుకు కూడ ఇదే సమాధానం. చంటిబిడ్డ ఏడ్పును సహించే సమాజం పెద్దబిడ్డ కేకను సహించడం నేర్చుకొనవచ్చు. పూజకు ముందు గురువు రెండు మాటలు చెబితే, తిరిగి చూచే తలలలో సగం తిరగడం మానుకుంటవి.

కొరింతు సంఘానికి వ్రాసిన మొదటి లేఖలో పౌలు, శరీరంలో బలహీనమని తోచే అవయవాలే మరింత అవసరమైనవని వాదించాడు. అదే లేఖలో, దానికి ముందు అధ్యాయంలోనే, ప్రభువు శరీరాన్ని గుర్తించక భుజించడం గురించి హెచ్చరించాడు. మేధో వైకల్యం గలవారిని దూరంగా ఉంచడానికి ఆ హెచ్చరికనే తరచు ఉదహరిస్తారు. కాని ఆ ఘట్టాన్ని మొదటి నుండి చదివితే పౌలు కోపం ఎవరి మీదనో తెలుస్తుంది. తెలివి చాలనివారి మీద కాదు. తాము కడుపునిండ తిని, లేనివారిని ఆకలితో నిలబెట్టి, సిగ్గుపరచినవారి మీద. ఆ లెక్కన పరీక్ష పెట్టవలసినది మాటలు రాని ఆ యువకునికి కాదు. అతనిని ప్రక్కన కూర్చుండనిచ్చామా లేదా అన్నదే ఆ వరుసలో నిలిచిన మిగిలినవారందరికీ పరీక్ష.